ఉచితమా, స్వేచ్ఛా? సాఫ్ట్‌వేర్ లోకంలోని తగవు, సంఘం నేర్వదగిన పాఠం

సూర్యాపేటలోనైనా, కోదాడలోనైనా, మిర్యాలగూడలోనైనా ఆదివారం ఉదయం ఆరాధనకు ముందే మందిరంలో ఒక కంప్యూటరు ఆన్ అవుతుంది. పాటల సాహిత్యం తెరమీదికి రావాలి, వాక్యభాగం కనబడాలి, మందిరానికి రాలేని వృద్ధుల కోసం ప్రత్యక్ష ప్రసారం సాగాలి. సోమవారం అదే కంప్యూటరులో సభ్యత్వపు రిజిస్టరు, కానుకల లెక్క, బాప్తిస్మపు ధ్రువపత్రాలు తయారవుతాయి. అయితే ఆ యంత్రాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ ఎవరిది, ఏ హక్కుతో మన దగ్గర ఉంది అన్న ప్రశ్న పెద్దల కమిటీ ముందుకు రావడం అరుదు.

ఇప్పుడు ఆ ప్రశ్నను యవ్వనస్థులే లేవనెత్తుతున్నారు. హైదరాబాదులో ఉద్యోగాలు చేస్తూ వారాంతంలో విజయవాడ రోడ్డు బస్సెక్కి ఇంటికి వచ్చే పిల్లలు వీరు. దొంగ కాపీ సాఫ్ట్‌వేర్ దేవుని మందిరంలో ఉండకూడదని ఒకరంటారు. అయితే లినక్స్ వేసుకుందాం, అంతా ఫ్రీయే కదా అని ఇంకొకరు. ఫ్రీ అంటే డబ్బు కట్టనక్కరలేదని కాదు, స్వేచ్ఛ అని మూడో వ్యక్తి దిద్దుతాడు. ఆ గొడవంతా ఎందుకు, ఓపెన్ సోర్స్ అంటే చాలదా అని నాలుగో వ్యక్తి. వింటున్న పెద్దలకు మాత్రం ఇంత చిన్న మాటకు ఇంత వేడి ఎందుకో అంతుబట్టదు.

ఆ వేడి నలభై ఏళ్లుగా ఉంది. దాని వెనుక సొత్తు, స్వేచ్ఛ, పొరుగువాడు, కూలి, నాయకత్వం, చీలిక అనే పెద్ద ప్రశ్నలున్నాయి. ఇవన్నీ సంఘానికి తెలిసిన ప్రశ్నలే. అందుకే ఈ తగవు ఏమిటో, అందులో మనం నేర్వదగినదేమిటో ఈ వారం వివరించదలిచాము.

తగవుకు మూలం

ఒక క్రైస్తవ గీతం రికార్డింగు మన ఫోనులో ఉందనుకోండి. దాన్ని వినగలం. కానీ సాహిత్యం, రాగం, తాళం కాగితం మీద ఉంటేనే మన గాయక బృందం దాన్ని నేర్చుకోగలదు, శ్రుతి తగ్గించి పాడగలదు, పక్క ఊరి సంఘానికి నేర్పగలదు. సాఫ్ట్‌వేర్‌కు కూడా ఇలాంటి రెండు రూపాలున్నాయి. కంప్యూటరులో నడిచే రూపం ఒకటి. మనుషులు చదివి మార్చగలిగే రాత ఇంకొకటి. ఈ రెండోదాన్నే సోర్స్ కోడ్ అంటారు. చాలా కంపెనీలు మొదటిదే అమ్మి రెండోది దాచిపెడతాయి.

అమెరికాలోని ఎంఐటీ ప్రయోగశాలలో పనిచేసిన రిచర్డ్ స్టాల్‌మన్‌కు ఈ దాపరికం ఒక ప్రింటరు రూపంలో ఎదురైంది. జిరాక్స్ కంపెనీ ఇచ్చిన ఆ లేజరు ప్రింటరులో కాగితం తరచు ఇరుక్కునేది. సోర్స్ కోడ్ దొరికితే, కాగితం ఇరుక్కున్న సంగతి అందరికీ తెలిసేలా చిన్న మార్పు చేసుకోవచ్చు. ఆ కోడ్ ఉన్న మరో విశ్వవిద్యాలయపు వ్యక్తిని అడిగితే, ఎవరికీ ఇవ్వనని సంతకం చేశానని ఆయన నిరాకరించాడు. ఆ సంతకాన్ని స్టాల్‌మన్ పొరుగువాడికి సాయపడనని ముందుగానే ఇచ్చిన మాటగా చూశాడు. ఆయన విశ్వాసి కాడు, నాస్తికుడినని చెప్పుకొన్నవాడు. అయినా ఆయనను బాధపెట్టింది పొరుగువాడి ప్రశ్నే అని మనం గమనించాలి.

1983లో ఆయన గ్నూ అనే ప్రణాళిక ప్రకటించాడు. 1985లో ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ స్థాపించాడు. ఒక సాఫ్ట్‌వేర్‌కు ఆ పేరు తగాలంటే వాడేవాడికి నాలుగు స్వేచ్ఛలుండాలన్నాడు. ఏ పనికైనా వాడుకోవడం, లోపల ఏముందో చదివి మార్చుకోవడం, ఇతరులకు ప్రతులివ్వడం, మార్చినదాన్ని కూడా పంచడం. డబ్బు తీసుకోకూడదని ఆయన ఎన్నడూ అనలేదు. అమ్ముకోవచ్చు, కానీ కొన్నవాడి చేతులు కట్టేయకూడదు.

ఇంగ్లీషులో ఫ్రీ అనే ఒకే మాటకు రెండర్థాలుండడం వల్ల ఈ ఉద్యమం నలభై ఏళ్లుగా తన పేరును వివరించుకుంటూనే ఉంది. మన తెలుగుకు ఆ ఇబ్బంది లేదు. ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. హైదరాబాదు కేంద్రంగా పనిచేసే ఉద్యమ సంస్థ తన పేరే 'స్వేచ్ఛ' అని పెట్టుకుంది. 2005లో తెలుగులో కనబడే ఆపరేటింగ్ సిస్టమ్‌ను అదే పేరుతో తెచ్చింది. 2010లో ఏర్పడిన ఫ్రీ సాఫ్ట్‌వేర్ మూవ్‌మెంట్ ఆఫ్ ఇండియాలో అది భాగం.

ఉచితానికీ స్వేచ్ఛకూ ఉన్న తేడా దేశమంతా చూసిన సందర్భం ఒకటుంది. కొన్ని ఎంపిక చేసిన సైట్లను మాత్రం డేటా ఖర్చు లేకుండా చూపిస్తామని ఫేస్‌బుక్ 'ఫ్రీ బేసిక్స్' పథకం తెచ్చింది. పైసా ఖర్చు లేదు. కానీ ఏది చూడాలో నిర్ణయించే హక్కు మనది కాదు. 2016 ఫిబ్రవరిలో ట్రాయ్ అలాంటి వివక్షతో కూడిన డేటా ధరలను నిషేధించింది. ఉచితంగా వచ్చేదంతా స్వేచ్ఛనివ్వదని గ్రహించడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ వెతకనక్కరలేదు.

ఒకే పని, రెండు కారణాలు

1991లో ఫిన్లాండు విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ లినక్స్ కెర్నల్ మొదలుపెట్టాడు. మరుసటి ఏడు దాన్ని స్టాల్‌మన్ రాసిన జీపీఎల్ లైసెన్సు కిందికి తెచ్చాడు. గ్నూ భాగాలు, లినక్స్ కెర్నల్ కలిసి పూర్తి వ్యవస్థ అయ్యాయి. దాన్ని లినక్స్ అని పిలవడం అన్యాయం, గ్నూ లినక్స్ అనాలని స్టాల్‌మన్ పక్షం నేటికీ పట్టుబడుతుంది. పేరు కోసం పోరాటం అల్పంగా తోచవచ్చు. కానీ పేరుతోపాటు ఆశయం మరుగున పడుతుందని ఆయన భయం.

1997లో ఎరిక్ రేమండ్ 'ద కెథడ్రల్ అండ్ ద బజార్' అనే వ్యాసం రాశాడు. కొద్దిమంది లోపల కూర్చుని కట్టే మహామందిరంలా కాకుండా, అందరూ వచ్చిపోయే అంగడిలా సాగిన లినక్స్ పద్ధతి ఎందుకు నెగ్గిందో అందులో వివరించాడు. ఆయన మహామందిరంతో పోల్చినవాటిలో గ్నూ కార్యక్రమాలూ ఉన్నాయి. 1998 ఫిబ్రవరిలో జరిగిన ఒక సమావేశంలో క్రిస్టీన్ పీటర్సన్ సూచించిన 'ఓపెన్ సోర్స్' అనే పేరు నిలిచింది. రేమండ్, బ్రూస్ పెరెన్స్ కలిసి ఓపెన్ సోర్స్ ఇనీషియేటివ్ స్థాపించారు. నీతి బోధ చేస్తే వ్యాపారులు వినరు, మెరుగైన సాఫ్ట్‌వేర్ తయారయ్యే పద్ధతి ఇది అని చెబితే వింటారు అన్నది వారి ఆలోచన.

ఆ ఆలోచన ఫలించింది. 2015లో మన కేంద్ర ప్రభుత్వం తన కార్యాలయాలకు విధానం ప్రకటించినప్పుడు కూడా దానికి ఓపెన్ సోర్స్ విధానమనే పేరు పెట్టింది. స్టాల్‌మన్ మాత్రం ఒప్పుకోలేదు. స్వేచ్ఛ ఎందుకో చెప్పకుండా లాభం మాత్రమే చెబితే, మూసిపెట్టిన సాఫ్ట్‌వేర్ కాస్త మెరుగ్గా కనబడిన రోజున జనం అటే వెళ్లిపోతారన్నాడు.

ఇద్దరూ దాదాపు ఒకే సాఫ్ట్‌వేర్‌ను ఒకే లైసెన్సు కింద వాడతారు. తేడా కారణంలోనే ఉంది. ఫిలిప్పీ పత్రిక మొదటి అధ్యాయంలో పౌలు వేర్వేరు ఉద్దేశాలతో క్రీస్తును ప్రకటించేవారిని చూసి, ఎలాగైనా ప్రకటన జరుగుతోందని సంతోషించాడు. ఆ విశాలత మనకు అవసరం. అయినా శోధన వచ్చిన రోజున మనిషిని నిలిపేది అతని కారణమే. లాభం కోసం సంఘానికి వచ్చినవాడు నష్టం వచ్చిన రోజున ఎక్కడుంటాడో కాపరులందరికీ తెలుసు. ఈ ఒక్క విషయంలో స్టాల్‌మన్ హెచ్చరికను తేలికగా తీసుకోలేము.

కాలువ మీద గేటు ఎవరిది?

రెండో తగవు లైసెన్సుల మీద. సాగర్ ఎడమ కాలువ కింద సేద్యం చేసేవారికి దీన్ని చెప్పడం సులువు. 1967లో కాలువలకు నీళ్లు వదిలిన నాటి నుండి ఎగువ రైతు, దిగువ రైతు అనే మాటలు మన ప్రాంతంలో పుట్టి పెరిగినవే. ఎగువన ఉన్నవాడు తన పొలం తడుపుకోవడం తప్పు కాదు. తర్వాత తూముకు తాళం వేసుకుంటే చివరి ఆయకట్టు సంగతేమిటన్నదే ప్రశ్న.

బీఎస్‌డీ, ఎంఐటీ అనే లైసెన్సులు దాదాపు ఏ షరతూ పెట్టవు. రాసినవారి పేరు ఉంచితే చాలు, తీసుకుని మార్చి మూసిపెట్టుకున్నా అడ్డు లేదు. ఆపిల్ కంప్యూటర్ల వ్యవస్థలో పెద్ద భాగం బీఎస్‌డీ నుండి వచ్చినదే. ఇచ్చిన తర్వాత షరతు పెడితే అది దానమెలా అవుతుందని ఈ పక్షం అడుగుతుంది. 1989లో వచ్చిన జీపీఎల్ మరోలా ఆలోచించింది. వాడుకో, మార్చుకో, అమ్ముకో. కానీ ఇంకొకరికి ఇచ్చేటప్పుడు నీకు దొరికిన స్వేచ్ఛనే వారికీ ఇవ్వు అంది. దీనికి కాపీలెఫ్ట్ అని పేరు. నీకు గేటు తెరిచి ఇచ్చాం, దిగువవాడికి నువ్వు మూయవద్దు అన్నట్టు.

నీరు వాడితే తగ్గుతుంది, సాఫ్ట్‌వేర్ ఎంతమంది వాడినా తగ్గదు. అందుచేత పోలిక పూర్తిగా అతకదు. కానీ గేటు ప్రశ్న రెండింటికీ ఒకటే. క్షమాపణ పొంది తోటి దాసుని గొంతు పట్టుకున్న దాసుని ఉపమానం మత్తయి 18వ అధ్యాయంలో ఉంది. యజమాని అతని అప్పును షరతు లేకుండానే కొట్టివేశాడు. అయినా పొందిన కనికరం దిగువకు పారాలని ఎదురుచూశాడు. రెండు లైసెన్సుల వారూ తమ వాదనకు ఆ ఉపమానంలో ఒక్కో సగం చూపించుకోవచ్చు.

2007లో మూడవ జీపీఎల్ వచ్చినప్పుడు కాపీలెఫ్ట్ ఇంటిలోనే తగవు పుట్టింది. టీవో అనే కంపెనీ తన వీడియో పరికరాల్లో లినక్స్ వాడి, సోర్స్ కోడ్ కూడా ఇచ్చింది. కానీ మార్చిన కోడ్‌ను ఆ పరికరం నడపనివ్వదు. దీన్ని అడ్డుకోవాలని స్టాల్‌మన్ కొత్త షరతు చేర్చాడు. నా కోడ్ తిరిగి నాకు చేరితే చాలు, పరికరం ఎవరు ఎలా తయారు చేసుకుంటే నాకేమని టోర్వాల్డ్స్ నిరాకరించాడు. లినక్స్ కెర్నల్ నేటికీ రెండవ జీపీఎల్ కిందే ఉంది.

పనివాడి కూలి

మూడో తగవు డబ్బు గురించి. జీపీఎల్ షరతు సాఫ్ట్‌వేర్‌ను ఇతరులకు ఇచ్చినప్పుడే వర్తిస్తుంది. పెద్ద క్లౌడు కంపెనీలు దాన్ని ఎవరికీ ఇవ్వవు; తమ సర్వర్లలో నడుపుతూ సేవ అమ్ముతాయి. కష్టం మాది, ఆదాయం వారిది అని కొన్ని సంస్థలు లైసెన్సులు మార్చాయి. ఎలాస్టిక్ 2021లో, హాషికార్ప్ 2023లో, రెడిస్ 2024లో ఇలా మార్చాయి. వెంటనే వాటి పాత కోడ్ తీసుకుని ఇతరులు ఓపెన్‌సెర్చ్, ఓపెన్‌టోఫు, వాల్కీ అనే వేరు శాఖలు మొదలుపెట్టారు. తర్వాత ఎలాస్టిక్ 2024లో, రెడిస్ 2025లో ఏజీపీఎల్ అనే స్వేచ్ఛా లైసెన్సును మళ్లీ చేర్చాయి. నమ్మకంతో సమకూరిన సమాజం, నమ్మకం చెదిరితే ఎంత త్వరగా చెదురుతుందో ఈ ఐదేళ్లు చూపించాయి.

ఈ ప్రశ్నకు 1 కొరింథీయులకు 9వ అధ్యాయం దగ్గరగా ఉంది. సువార్త పరిచారకునికి జీవనాధారం పొందే హక్కు ఉందని పౌలు గట్టిగా వాదించాడు. వాదించి, తన మట్టుకు ఆ హక్కును వదులుకున్నాడు. వదులుకునే స్వేచ్ఛ పనివానిది. నువ్వు ఉచితంగా చేస్తున్నావు కదా అని ఇతరులు అతని కష్టాన్ని అలుసుగా తీసుకోకూడదు.

ఆ అలుసు ఎంత ప్రమాదమో 2024 మార్చిలో బయటపడింది. ఎక్స్‌జెడ్ అనే చిన్న కార్యక్రమం దాదాపు ప్రతి లినక్స్ వ్యవస్థలోనూ ఉంటుంది. ఏళ్లుగా దాని భారం జీతం లేని ఒక్క మనిషి మీదే ఉంది. అతను అలసిపోయాడు. పని ఆలస్యమవుతోందని కొందరు అతన్ని నిష్ఠూరాలాడారు. అదే సమయంలో సాయం చేస్తానంటూ ఒక కొత్త వ్యక్తి వచ్చి, రెండేళ్లకు పైగా ఓపికగా పనిచేసి, నమ్మకం సంపాదించి, చివరకు అందులో దొంగదారి అమర్చాడు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తన కంప్యూటరులో లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందని అనుమానించి పరిశీలించడం వల్ల అది దొరికిపోయింది. లేకపోతే లోకంలోని అసంఖ్యాకమైన సర్వర్లకు అపరిచితుని చేతిలో తాళంచెవి ఉండేది.

సంఘ పెద్దలు దీన్ని రెండుసార్లు చదవాలని కోరుతున్నాము. సండే స్కూలు, పాటలు, లెక్కలు, శుభ్రత అన్నీ ఒక్కరి మీద వదిలేసి, ఆ ఒక్కరు నీరసించాక ఆలస్యమైందని గొణిగే సంఘాలు మన మధ్య లేవా? గొర్రె తోలు కప్పుకున్నవాడు లోపలికి వచ్చేది సరిగ్గా ఆ అలసట సమయంలోనే.

మంచి ఆశయం, కటువైన నాలుక

నాలుగో తగవు మనుషుల గురించి. సాఫ్ట్‌వేర్‌ను హింసకు, అన్యాయానికి వాడేవారికి ఇవ్వకూడదని 2019లో కొరలైన్ ఎడా ఎమ్కీ హిపోక్రటిక్ లైసెన్సు రాసింది. ఓపెన్ సోర్స్ నిర్వచనం ఏ మనిషి మీదా, ఏ రంగం మీదా వివక్ష చూపకూడదంటుంది కాబట్టి అది ఓపెన్ సోర్స్ కాదని పాతవారు తేల్చారు. చెడ్డవారిమీద కూడా సూర్యుడు ఉదయించనివ్వాలా, లేక చెడ్డవాడి చేతికి కత్తి అందకుండా చూడాలా? ఇరువైపులా మనస్సాక్షి ఉన్నవారే ఉన్నారు.

నాయకుల ప్రవర్తన మీద కూడా ఉద్యమం చీలింది. 2018 సెప్టెంబరులో టోర్వాల్డ్స్ తోటివారిపై తాను ఏళ్లుగా వాడిన కటువైన మాటలకు క్షమాపణ కోరి, కొన్నాళ్లు పక్కకు తప్పుకున్నాడు. లినక్స్‌కు ప్రవర్తనా నియమావళి వచ్చింది. స్టాల్‌మన్ 2019లో, లైంగిక దోపిడీ కేసుకు సంబంధించి తాను రాసిన మాటలపై వచ్చిన నిరసన నడుమ, ఫౌండేషన్ అధ్యక్ష పదవికి రాజీనామా చేశాడు. 2021లో బోర్డులోకి తిరిగి వచ్చినప్పుడు ఆయన వద్దని ఒక లేఖ, ఆయన కావాలని మరో లేఖ, రెండింటికీ వేలాది సంతకాలు. స్థాపకుడు లేకుండా ఉద్యమం ఉంటుందా, స్థాపకుడైనంత మాత్రాన జవాబుదారీ తప్పుతుందా? ఈ ప్రశ్న మన మిషనులకూ, మినిస్ట్రీలకూ కొత్తది కాదు. ఆశయం సత్యమైనంత మాత్రాన నాలుకకు కళ్లెం అక్కరలేదని యాకోబు పత్రిక ఎక్కడా చెప్పలేదు.

చీలినా దొంగిలించని చీలిక

తగవు తెగకపోతే ఈ లోకంలో జరిగేదాన్ని ఫోర్క్ అంటారు. ఒక వర్గం కోడ్ మొత్తాన్ని కాపీ చేసుకుని, కొత్త పేరుతో వేరుగా సాగుతుంది. మన కంప్యూటర్లలో ఉండే లిబ్రె ఆఫీస్ అలా పుట్టినదే. ఓపెన్ ఆఫీస్ ఒరాకిల్ కంపెనీ చేతికి వెళ్లాక, దాని భవిష్యత్తు గురించి భయపడినవారు 2010 సెప్టెంబరులో డాక్యుమెంట్ ఫౌండేషన్ పెట్టి వేరయ్యారు.

ఆదికాండము 26లో ఇస్సాకు పనివారు బావి తవ్వితే గెరారు కాపరులు మాదేనన్నారు. ఆ బావికి ఏశెకు అని పేరు పెట్టి వదిలేశాడు. ఇంకొకటి తవ్వితే దానికీ తగవే, అది శిత్నా. మూడోదానికి ఎవరూ రాలేదు, అది రహెబోతు. వెనక్కు తగ్గడం ఓటమి కాదని, నీళ్లు ఇంకా ఉన్నాయన్న నమ్మకమని ఇస్సాకు చూపించాడు. అపొస్తలుల కార్యములు 15లో మార్కు విషయమై పౌలు, బర్నబా విడిపోయారు. ఒక ప్రయాణం రెండయింది. 2 తిమోతి 4వ అధ్యాయానికి వచ్చేసరికి అదే మార్కును పౌలు తన దగ్గరికి తీసుకురమ్మని అడుగుతున్నాడు.

మన సంఘాల చీలికలు ఇంత శుభ్రంగా ఉండవు. అక్కడ సువార్తను కాపీ చేసుకుని ఎవరూ వెళ్లరు. మందిరం తాళాలు, బ్యాంకు ఖాతా, స్థలం పత్రాలు అడుగుతారు. కోర్టుకు వెళ్తారు. సాఫ్ట్‌వేర్ వారిలో పుణ్యాత్ములు ఎక్కువని కాదు. విడిపోయినవాడు కూడా పూర్తి సొత్తుతో వెళ్లగలిగేలా వారి లైసెన్సు ముందే రాసి ఉంది. అందువల్ల నాయకుడు కూడా మితిమీరడానికి జంకుతాడు, మనుషులు వెళ్లిపోగలరని తెలుసు కాబట్టి. అలాగని ఫోర్క్‌కు నష్టం లేదనడం సరికాదు. కోడ్ రెండవుతుంది గానీ పనివారు రెండింతలు కారు. ఉన్నవారే సగం సగం అవుతారు.

మన ఇంటిలోని తగవు

ఇదంతా పరాయివారి కథ కాదు. పెర్ల్ అనే ప్రసిద్ధ భాషను 1987లో తెచ్చిన లారీ వాల్ క్రైస్తవుడు. లిపి లేని ఒక భాషకు లిపి సమకూర్చి బైబిలు అనువదించాలన్న ఆశతో భాషాశాస్త్రం చదివినవాడు. ముద్రణకు టెక్ అనే సాఫ్ట్‌వేర్ రాసి లోకానికిచ్చిన డోనాల్డ్ క్నూత్ లూథరన్ విశ్వాసి. ఎవరైనా దాన్ని మార్చుకోవచ్చు, కానీ మార్చాక టెక్ అనే పేరు వాడకూడదని ఆయన షరతు.

మండలి, రామభద్ర, గిడుగు, గురజాడ, మల్లన్న, ధూర్జటి వంటి తెలుగు ఫాంట్లు నేడు ఎవరైనా వాడుకోవచ్చు. అవి ఏ లైసెన్సు కింద ఉన్నాయో తెలుసా? ఎస్ఐఎల్ ఓపెన్ ఫాంట్ లైసెన్సు. ఆ ఎస్ఐఎల్ 1934లో మొదలై, బైబిలు అనువాదం కోసం చిన్న భాషలను అధ్యయనం చేసిన క్రైస్తవ సంస్థ. మన ఊళ్ల వ్యాపారి బోర్డు మీదికైనా, పెళ్లి పత్రికకైనా ఆ అక్షరాలు స్వేచ్ఛగా వస్తున్నాయంటే అందులో ఒక క్రైస్తవ సంస్థ రాసిన షరతుల పాత్ర ఉంది.

బైబిలు విషయంలోనూ ఇదే తగవుంది. బైబిల్ సొసైటీ ఆఫ్ ఇండియా ప్రచురించే అనువాదాలకు కాపీహక్కు ఉంది. అనువాదానికి ఏళ్ల శ్రమ, ఖర్చు అవుతాయి; ఎవరుపడితే వారు వాక్యం మార్చి అచ్చువేయకుండా కాపలా ఉండాలి అన్నది వారి వాదన. ఇండియన్ రివైజ్డ్ వెర్షన్ తెలుగు బైబిలు మాత్రం క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద వచ్చింది. మూలాన్ని పేర్కొని, మార్చితే మార్చామని చెప్పి, అదే లైసెన్సుతో ఎవరైనా పంచవచ్చు. ప్రభువు పన్నెండుమందిని పంపుతూ మత్తయి 10లో ఇచ్చిన ఆజ్ఞను వీరు గుర్తు చేస్తారు. మాకు తోచినది ఇది: భయం న్యాయమైనదే, కానీ దానికి తాళం ఒక్కటే మందు కాదు. క్నూత్ చూపినట్టు పేరును కాపాడుతూ పాఠాన్ని పంచే దారి ఉంది. కొత్త పాటలు రాసేవారు, సండే స్కూలు పాఠాలు తయారుచేసేవారు ఈ దారి ఆలోచించాలి.

సంఘం ఏమి చేయాలి?

మొదటిది, దొంగ కాపీలు తీసివేయాలి. ఎనిమిదవ ఆజ్ఞకు సాఫ్ట్‌వేర్ మినహాయింపు కాదు. 1957 కాపీరైట్ చట్టం 63బి సెక్షను ప్రకారం తెలిసి దొంగ కాపీ వాడినవారికి ఏడు రోజుల నుండి మూడేళ్ల దాకా జైలు, 50,000 నుండి 2 లక్షల రూపాయల దాకా జరిమానా ఉన్నాయి. లాభాపేక్ష లేనిచోట కోర్టు శిక్ష తగ్గించవచ్చు. కానీ మనం అడగవలసినది చట్టం ఎంత శిక్షిస్తుందని కాదు. దొంగ కాపీతో ముద్రించిన కరపత్రం మీద సత్యమనే మాట ఎలా నిలుస్తుందని.

రెండవది, కొనగలిగినవారు కొనాలి, అందులో తప్పు లేదు. కొనలేని సంఘాలకు న్యాయమైన దారులున్నాయి. ఉత్తరాలకు, లెక్కలకు లిబ్రె ఆఫీస్, తెరమీద పాటలకు ఓపెన్ ఎల్‌పీ, ధ్వనికి ఆడాసిటీ, చిత్రాలకు గింప్. 2025 అక్టోబరులో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసింది. కొత్తది మోయలేని పాత కంప్యూటర్లు లినక్స్ మింట్ వంటి వాటితో ఇంకొన్నేళ్లు పనిచేస్తాయి. ఒక్కరోజులో అన్నీ మార్చవద్దు. ముందు ఒక్క కంప్యూటరులో ప్రయత్నించి, ప్రింటరు సరిగ్గా పనిచేస్తుందో లేదో చూసి, నడిపే అక్కకో తమ్ముడికో అలవాటయ్యాక మిగతావి మార్చండి.

మూడవది, తెలుగు రాతలన్నీ యూనికోడ్‌లో ఉంచండి. పాత డీటీపీ ఫాంట్లలో టైపు చేసిన పాటల పుస్తకాలు, సంఘ చరిత్రలు ఆ ఫాంటు లేని యంత్రంలో అర్థంకాని గుర్తులుగా కనబడతాయి. ముద్రణశాల పాత పద్ధతి అడిగినా, మూలప్రతి ఒకటి యూనికోడ్‌లో మీ దగ్గర ఉండాలి. తాతలు రాసిన కీర్తన మనవలు తెరవలేని పెట్టెలో ఉండిపోతే ఎవరికి లాభం?

నాలుగవది, తీసుకోవడమే కాదు, ఇవ్వడం నేర్చుకుందాం. వాడుతున్న కార్యక్రమానికి ఏడాదికి ఒక చిన్న కానుక పంపవచ్చు. ఇంగ్లీషు వచ్చిన యవ్వనస్థులు తెలుగు అనువాదంలో చేయి వేయవచ్చు. లోపం కనబడితే మర్యాదగా తెలియజేయవచ్చు. ఎక్స్‌జెడ్ పనివాడి అలసట మనకు గుర్తుండాలి.

చివరిది, యవ్వనస్థులకు ఒక మాట. మీ ఆసక్తి మాకు సంతోషం. అయితే లినక్స్ వాడనివాడు విశ్వాసంలో తక్కువవాడు కాడు, విండోస్ కొన్న పెద్దాయన శత్రువు కాడు. నేను పౌలువాడను, నేను అపొల్లోవాడను అన్న కొరింథు జబ్బు సాఫ్ట్‌వేర్ పేర్లతో మన మందిరంలోకి రాకూడదు. పెద్దలకు కూడా ఒక మాట. ఆ పిల్లలు తెచ్చినది కంప్యూటరు ప్రశ్న అని పక్కన పెట్టకండి. వచ్చే కమిటీ సమావేశంలో పది నిమిషాలు వారిని మాట్లాడనివ్వండి, ఆ తర్వాత మందిరపు కంప్యూటరులో ఏమేమి ఉన్నాయో వారిచేతనే జాబితా రాయించండి. పని అక్కడ మొదలవుతుంది.

మన చేతుల్లోని ప్రతి పనిముట్టును నిర్దోషమైన మనస్సాక్షితో వాడుకునే జ్ఞానాన్ని, భేదాల మధ్య ప్రేమను విడువని మనస్సును ప్రభువు మన సంఘాలకు అనుగ్రహించును గాక. ఆమేన్.